అంకె సాక్ష్యము, రోగి మాట

రోగి యొకమాట చెప్పి, రక్తపరీక్ష వేరొకమాట చెప్పినప్పుడు ఎవరి మాట నమ్మవలెను? ఈ ప్రశ్న పైకి వైద్యులకు మాత్రమే సంబంధించిన దానివలె గన్పట్టును. కొంచె మాలోచించినచో ఇది ప్రతి గృహమునకును జెందిన ధర్మసందేహమని తెలియును. పూర్వము నాడి పట్టి చూచి చెప్పిన మాటకు మన పెద్దలు తలయొగ్గెడివారు. నేడు రాజమహేంద్రవరమునుండియో, కాకినాడనుండియో, భీమవరమునుండియో వచ్చిన పరీక్షశాల కాగితమునకు మనము తలయొగ్గుచున్నాము. కాగితముమీది అంకె హద్దులో నున్నచో "నీకేమియు లేదు" అని ఇంటివారందఱు నొక్క గొంతుతో బలుకుదురు. అంకె హద్దు దాటినచో నిన్నటిదాక పొలముగట్టున నడచిన మనుష్యుడు నేడు మంచము పట్టును. ఈ నమ్మకములో విజ్ఞాన మెంత, మూఢవిశ్వాస మెంత యని వేఱుచేసి చూచుట మంచిదని మా యభిప్రాయము.

దీనికి ఆక్రోమెగలీ యను వ్యాధిని ఉదాహరణముగ గైకొందుము. అది అరుదైన వ్యాధి. ఐనను ఈ ప్రశ్న అందు గన్పడినంత స్పష్టముగ మఱియొకచోట గన్పడుట దుర్లభము. మెదడు క్రింద బఠాణీగింజయంత పీయూషగ్రంథి యున్నది. అందుండి వెలువడు పెరుగుదల హార్మోను బిడ్డలను పెంచును. పెద్దలకును అది కొంత యవసరమే. ఆ గ్రంథిలో చిన్నకంతి పుట్టి ఆ హార్మోనును మితిలేక స్రవించినచో వ్యాధి కలుగును. ఈ కంతి సామాన్యముగ క్యాన్సరు జాతిది కాదు. ఎముకల పెరుగుదల ముగిసిన వయస్సున వచ్చినచో మనిషి పొడవెదుగడు. చేతులు, పాదములు, దవడ, ముక్కు, పెదవులు, నాలుక పెద్దవగును. 1886లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు పియేర్ మారీ ఈ వ్యాధికి బేరు పెట్టెను. అవయవముల కొనలు పెద్దవగుట యని గ్రీకు భాషలో ఆ పేరున కర్థము.

ఈ మార్పు ఏటేట మెల్లగ వచ్చును గావున ఇంటివారికి దెలియదు. పెండ్లినాటి యుంగరము వ్రేలికి బిగియును. చెప్పుల కొలత పెరుగును. చెమట యధికమగును, నిద్రలో గుఱక హెచ్చును, కీళ్ళు నొచ్చును, చేతులు తిమ్మిరి యెక్కును, చక్కెరవ్యాధియు రక్తపుపోటును దోడగుట కలదు. ప్రతిదినము చూచు భార్యకుగాని తల్లికిగాని భేదము తోచదు. పదియేండ్ల తరువాత దూరదేశమునుండి వచ్చిన మేనత్త "అదేమిరా అబ్బాయీ, నీ మొగ మిట్లు మారినది?" అని యడుగును. వ్యాధి మొదలైననాటినుండి నిర్ణయమగువఱకు అనేక సంవత్సరములు గడచుట లోకమంతట సామాన్యము. ఈ నడుమ మన యిండ్లలో జరుగునదేమి? ఒళ్ళు చేసినదని కొందఱు, గ్రహచారమని కొందఱు అందురు. వీధిపిల్లలు మొగమునకొక వెక్కిరింతపేరు పెట్టుదురు. పెండ్లి కెదిగిన పిల్లయైనచో వచ్చిన సంబంధములు గడప దాటిపోవును. రోగమునకు ముందే అవమానము నెత్తికెక్కును.

రోగ నిర్ణయమైన పిమ్మట సామాన్యముగ ముక్కుద్వారమున శస్త్రముచేసి కంతిని దీసివేయుదురు. అది చాలనిచో నెలకొకమారు ఇచ్చు సూదిమందులు, మాత్రలు, కిరణచికిత్స గలవు. అప్పు డొకప్రశ్న పుట్టును: వ్యాధి ఇంకను చురుకుగ నున్నదా, అణగినదా? మొగమును జూచి చెప్పుటకు వీలులేదు. పెరిగిన దవడయెముక వెనుకకు బోదు గదా. ఆ గ్రంథి నేడును మితిమీఱి పనిచేయుచున్నదా లేదా యని రక్తమునే యడుగవలెను. వైద్యులు వ్యాధి యొక్క చురుకుదన మనునది దీనినే. ఈ యొక్కమాటను చదువరులు గట్టిగ బట్టుకొనవలెనని మా ప్రార్థన. మన విచారణమంతయు దీనిమీదనే నిలిచియున్నది.

రక్తమును బ్రశ్నించుట యనగానే మన గోదావరిసీమ బిడ్డయొకరు జ్ఞాపకమునకు వత్తురు. 1895లో భీమవరమున బుట్టి, రాజమహేంద్రవరమున గొంతకాలము చదివి, తరువాత అమెరికాకుబోయి హార్వర్డు విశ్వవిద్యాలయమున బనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, సైరస్ ఫిస్కే యను నాచార్యునితో గలసి 1925లో భాస్వరమును గొలుచు పద్ధతి నొకదానిని బ్రకటించిరి. భాస్వరమును బట్టి యొక నీలివర్ణమును బుట్టించి, ఆ నీలిమ యెంత గాఢముగ నున్నదో చూచి పరిమాణమును లెక్కించుట ఆ పద్ధతి. లోకమందలి ప్రయోగశాలలలో దానిని చిరకాలము వాడిరి. పెరుగుదల హార్మోనును సూటిగ గొలుచు మార్గము లేని యా దినములలో ఆక్రోమెగలీ చురుకుదనమునకు రక్తభాస్వర మొక గుర్తుగ నుండెను. ఏలయన, ఆ హార్మోను హెచ్చినప్పుడు మూత్రపిండములు భాస్వరమును వెలుపలికి బోనీయక తిరిగి రక్తములోనికి దీసికొనును. 1946లో బోస్టనులో ఆల్‌బ్రైటు మొదలగు వైద్యులు ఈ గుర్తునుబట్టియే ఈస్ట్రోజెను చికిత్స యొక్క ఫలమును బరిశీలించిరి.

కాని భాస్వరము పరోక్షసాక్షి. అది బిడ్డలలో సహజముగనే హెచ్చు. మూత్రపిండములు చెడినవారిలోను హెచ్చును. ఆక్రోమెగలీ గలవారిలో గొందఱి భాస్వరము హద్దులోనే యుండును. పొరుగువాడు "మీ యింటిమీద పొగ చూచితిని" అని చెప్పినట్లు దాని సాక్ష్యము. అది వంటయింటి పొగయో, ఇల్లు కాలుచున్న పొగయో అతడు చెప్పజాలడు.

సూటిసాక్షిని దెచ్చినవారు న్యూయార్కు నగరమున బ్రాంక్సు వెటరనుల యాసుపత్రిలో బనిచేసిన రొజాలిన్ యాలో, సాలమన్ బెర్సన్ అనువారు. రేడియోధార్మిక పదార్థమును వినియోగించి రక్తములోని ఇన్సులినును గొలుచు మార్గమును వారు 1960 నాటికి జూపిరి. 1963 నాటికి అదే మార్గమున పెరుగుదల హార్మోనును గొలిచిరి. గ్రాములో నూఱుకోట్లవ వంతు నానోగ్రాము. ఒక మిల్లీలీటరు రక్తరసములో అట్టివి కొలదిగ నున్నను కనిపెట్టగల నేర్పు మనుష్యునికి గలిగెను. బెర్సన్ 1972లో మరణించెను. 1977లో యాలోకు నోబెలు బహుమాన మిచ్చిరి. ఆమె యిద్దఱు బిడ్డల తల్లియై, గృహమును బరిశోధనమును రెంటిని నడిపినది. ఆడుపిల్లకు శాస్త్రవిద్య యేలయని ఇంకను గొణుగువారు ఈ సంగతి స్మరింతురుగాక.

ఐనను సూటిసాక్షియు నొక్కమాటలో నిజమంతయు జెప్పదు. ఆరోగ్యవంతునియందు ఈ హార్మోను నిలకడగ నుండదు. పగలు చాలసేపు మిక్కిలి స్వల్పముగ నుండి, అప్పుడప్పుడు, ముఖ్యముగ నిద్రపట్టిన తొలిగంటలలో, ఒక్కసారిగ బొంగును. రక్తములో జేరినది సుమారు 20 నిమిషములలో సగమగును. కాలువ లాకు దీసిన నిమిషమున నీటిమట్టము గొలిచినవాడు వరద యనును; మూసిన నిమిషమున గొలిచినవాడు కాలువ యెండినదనును. ఇరువురు నబద్ధమాడలేదు, ఇరువురు నిజము చెప్పలేదు. కావున వైద్యులు మఱియొక పరీక్ష చేయుదురు. 75 గ్రాముల గ్లూకోజును నీటిలో గలిపి త్రావించి, రెండుగంటలపాటు అరగంట కొకమారు రక్తము దీయుదురు. చక్కెర రక్తములో హెచ్చగానే ఆరోగ్యవంతుని గ్రంథి యా హార్మోనును దాదాపుగ నిలిపివేయును. కంతిగల గ్రంథి యట్లు నిలుపదు. కొందఱిలో ఇంకను హెచ్చించును. తలుపులు దించినను కాలువలో నీరు తగ్గకున్న నెచ్చటనో గండి యున్నదని లస్కరు గ్రహించినట్లే యిది.

రెండవ సాక్షి మఱియొకటి గలదు. పెరుగుదల హార్మోను తన పనిలో చాలభాగము మఱియొక పదార్థముచేత జేయించును. 1957లో సాల్మన్, డాఘడే యను శాస్త్రజ్ఞులు రక్తములో దాని జాడను గనిపెట్టిరి. 1978లో రిండర్‌నెక్ట్, హుంబెల్ అనువారు దాని నిర్మాణమును దెలిపిరి. దానిపేరు ఐ.జి.ఎఫ్.-1. రక్తములోని దానిలో బెద్దభాగము కాలేయమునుండి వచ్చును. ఇది నిమిషనిమిషమునకు బొంగి క్రుంగక రోజంతయు ఇంచుమించు నిలకడగ నుండును. ఒక్క యల నెత్తుగాక, కాలువ దినమంతయు మోసిన నీటిని జెప్పునట్లు, గ్రంథి గడచిన కాలమున జేసిన పనిని మొత్తముగ నిది చెప్పును. కావుననే నేడు ఈ వ్యాధిని గనుగొనుటకును, చికిత్స ఫలించినదా యని చూచుటకును ముందుగ దీనినే కొలుచుచున్నారు.

ఇంతవఱకు విజ్ఞానము మనకు గొప్ప యుపకారము చేసినది. ఇక సందేహములు మొదలగును. మొదటి సందేహము కొలబద్దను గూర్చినది. ధవళేశ్వరమువద్ద గోదావరి 11.75 అడుగులు చేరగా మొదటి ప్రమాదహెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది చేయుదురు. భద్రాచలమున మొదటిది 43 అడుగులు, రెండవది 48, మూడవది 53. గోదావరి యొక్కటే; కొలబద్దలు వేఱు. భద్రాచలమున 43 అని విని, దానిని ధవళేశ్వరపు కొలతతో బోల్చుకొని గుండె యాగినవానిని జూచి మనము నవ్వుదుము. కాని యొక పరీక్షశాలలో నిరుడు వచ్చిన ఐ.జి.ఎఫ్. అంకెను వేఱొక పరీక్షశాలలో ఈయేడు వచ్చిన అంకెతో బోల్చి, వ్యాధి పెరిగినదనియో తగ్గినదనియో నిశ్చయించునప్పుడు మనము చేయునది యదే. పరికరము మారిన, పద్ధతి మారిన, అంకె మారును. ఒకే రక్తము ఒకచోట హద్దులోనిదిగను, మఱియొకచోట హద్దుదాటినదిగను దేలుట కలదు. వయస్సును బట్టియు హద్దు మారును, యౌవనారంభమున ఐ.జి.ఎఫ్. మిక్కిలి హెచ్చు, పిమ్మట నేండ్లతో దగ్గుచు వచ్చును. ఇరువదేండ్లవానికి సహజమైన అంకె యఱువదేండ్లవానికి వ్యాధిసూచకము కావచ్చును.

రెండవ సందేహము సాక్షిని జెఱచు కారణములను గూర్చినది. తిండి చాలనివారిలోను, కాలేయము చెడినవారిలోను, చక్కెరవ్యాధి యదుపుతప్పినవారిలోను ఐ.జి.ఎఫ్. తగ్గును, అంత మాత్రమున వ్యాధి యణగినట్లు కాదు. ఈస్ట్రోజెను గల మాత్రలను నోట వేసికొను స్త్రీలలోను అది తగ్గును; గ్రంథి తన యతిక్రమమును మానకున్నను కాలేయము దాని యాజ్ఞను వినుట తగ్గించుటయే కారణము. శస్త్రము జరిగిన వెంటనే తీసిన కొలత తొందరపాటు కొలత. అందుచేతనే సుమారు 12 వారములు గడచినపిమ్మట కొలువవలెనని వైద్యసంఘములు చెప్పుచున్నవి. పెగ్విసోమెంట్ అను సూదిమందున్నది. అది హార్మోను పుట్టుటను ఆపదు. పుట్టిన హార్మోనును దేహము వినకుండ జేయును. ఆ మందు వాడువారిలో పెరుగుదల హార్మోను కొలత యర్థములేనిది. హెచ్చుగ నుండినను భయము లేదు. అక్కడ ఐ.జి.ఎఫ్. మాత్రమే సాక్షి. నిన్న ప్రధానసాక్షిగ నున్నది నేడు ఒక మందుచేత మూగదగుచున్నది.

మూడవ సందేహము హద్దును గూర్చినది. ఇది తక్కినవానికంటె లోతైనది. ఒకప్పుడు శస్త్రానంతరము పెరుగుదల హార్మోను మిల్లీలీటరునకు 5 నానోగ్రాములకు లోబడినచో స్వస్థత యనిరి. పిమ్మట 2.5 అనిరి. 2000లో ప్రకటించిన నిపుణుల నిర్ణయములో, గ్లూకోజు త్రాగిన తరువాత 1 నానోగ్రామునకు దిగవలెనని చెప్పిరి. 2010లో, సూక్ష్మపరికరములతో గొలిచినచో 0.4కు దిగవలెననిరి. తరువాతి నిర్ణయములలో మఱల సవరణలు వచ్చినవి. పరికరములు సూక్ష్మమైన కొలది హద్దు దిగినది, ఇది న్యాయమే. కాని యొక రోగిని దలచుకొనుడు. 1985లో "నీవు స్వస్థుడవు" అని పంపబడిన మనుష్యుడు, అదే రక్తముతో, తరువాతి హద్దు ననుసరించి యస్వస్థుడగును. అతని దేహములో రాత్రికిరాత్రి యేమియు మారలేదు. మారినది మన కొలబద్ద. అట్లయిన స్వస్థత యనునది దేహమందున్నదా, కాగితమందున్నదా?

మా సమాధాన మిది. వ్యాధి దేహమందే యున్నది. హద్దు మన మేర్పఱచుకొనినది. ధవళేశ్వరమున 11.75 అడుగుల గీత గోదావరి గీచినది కాదు, మనుష్యులు గీచినది. అంత మాత్రమున వరద కల్ల కాదు. హద్దు మనుష్యనిర్మితమని తెలిసినవాడు దానిని విడిచిపెట్టడు. దానిని దేవవాక్యముగను జేయడు. హద్దుకు వెంట్రుకవాసి యీవలనున్నవానిని ఆరోగ్యవంతుడనియు, వెంట్రుకవాసి యావలనున్నవానిని రోగియనియు నమ్మి యిద్దఱి జీవితములను వేఱుచేయుట యవివేకమని యతడు గ్రహించును. ఒక్క కొలతతో దీర్పు చెప్పక మఱల కొలుచును.

ఇప్పు డిద్దఱు రోగులను మనస్సున నిలుపుకొందము. మొదటి యామె కోనసీమలో నొక గృహిణి యనుకొందము. శస్త్రము జరిగి రెండేండ్లయినది. హార్మోనులు రెండును హద్దులో నున్నవి. ఐనను మోకాళ్ళు నొచ్చుచున్నవి, మెట్లెక్కలేదు, అలసట విడువదు, పెండ్లిండ్లకు బోవుటకు మొగము చెల్లదు. "డాక్టరుగారూ, కాగితము బాగున్నది గాని నా కీళ్ళు బాగుండలేదండీ" అని యామె చెప్పుకొనును. ఇంటికి వచ్చిన పిమ్మట అత్తగారు "రిపోర్టు బాగున్నదని డాక్టరుగారే చెప్పినారు గదమ్మా, ఇంకను ఈ మూలుగు డెందుకు?" అనును. ఆ మాటలో క్రూరత్వము లేదు. అంకెమీది భక్తి యున్నది. కాని ఆ భక్తి యొక దేహమును అబద్ధికురాలిని జేయుచున్నది.

నిజమేమి? ఏండ్లతరబడి హార్మోను చేసిన హాని కీళ్ళలోను ఎముకలలోను నిలిచిపోవును. గ్రంథి యణగినను అఱిగిన కీలు తిరిగి రాదు. గోదావరి మొదటి హెచ్చరికకు దిగువకు దిగగానే హెచ్చరికను ఉపసంహరింతురు. అది నిజము; వరద తగ్గినది. కాని లంకగ్రామమున గోడ కూలిన యింటివానితో "హెచ్చరిక తీసివేసినారు గదా, ఇంక నీకేమి బాధ?" అని యెవరందురు? నీటిమట్టము వరదను గూర్చి చెప్పును, ఇంటిని గూర్చి చెప్పదు. ఐ.జి.ఎఫ్. గ్రంథిని గూర్చి చెప్పును, మోకాలిని గూర్చి చెప్పదు. మనస్సును గూర్చి అసలే చెప్పదు. వైద్యలోకమును దీనిని గుర్తించినది. స్పెయిను దేశపు వైద్యులు 2002లో ఈ రోగుల జీవితసౌఖ్యమును దెలిసికొనుటకై 22 ప్రశ్నల పట్టికను ప్రకటించిరి. రోగులు చెప్పిన సమాధానములకును వారి హార్మోను అంకెలకును సంబంధము స్వల్పమేయని పరిశీలనలలో దేలుచు వచ్చినది. రోగి యబద్ధమాడుచున్నాడని దీని యర్థము కాదు. రెండును వేర్వేఱు ప్రశ్నలకు సమాధానములని మాత్రమే యర్థము.

రెండవ రోగి రాజమహేంద్రవరమున నొక వర్తకు డనుకొందము. ఇతనికి నొప్పి లేదు, తలనొప్పి తగ్గినది, అంగడిలో ఉదయమునుండి రాత్రివఱకు గూర్చుండగలడు. కాని ఐ.జి.ఎఫ్. హద్దునకు ఒకటిన్నర రెట్లున్నది. "నాకేమియు లేదండీ, ఈ సూదు లేల?" అని యతడు మానివేయ దలచును. ఇతని మాటయు నబద్ధము కాదు. అతనికి నిజముగ బాధ లేదు. కాని భద్రాచలమున నీరు పెరుగుచున్ననాడు లంకలో నింకను పొడినేలయే యుండును. ఆ నీరు క్రిందికి వచ్చుటకు గొంతకాలము పట్టును. 1986 ఆగస్టులో భద్రాచలమున గోదావరి 75.6 అడుగులకు బొంగినది. ఎగువ వార్త విని కదలినవాడును, కాళ్ళు తడిసినప్పుడు కదలుదునన్నవాడును ఒక్కతీరుగ బ్రతుకలేరని డెల్టావాసులకు జెప్పవలసిన పని లేదు. హార్మోనులు అదుపులోనికి రానివారు తమ యీడువారికంటె ముందుగ మరణించుచున్నారనియు, అదుపులోనికి వచ్చినవారి యాయుర్దాయము తక్కినవారితో ఇంచుమించు సమానమగుచున్నదనియు పలుదేశముల పరిశీలనలు చెప్పుచున్నవి. గుండె బరువెక్కుట, చక్కెర హెచ్చుట, రక్తపుపోటు మొదలగునవి మనకు దెలియకుండ లోపల జరుగును. ఇక్కడ అంకె రోగికంటె ముందు చూచుచున్నది. దానిని వినకుండుట ధైర్యము కాదు.

కొంద ఱిట్లనవచ్చును: "మీరు రెండు పడవలమీద గాళ్ళు పెట్టుచున్నారు. ఒకచోట రోగిని నమ్ముమనుచున్నారు, మఱియొకచోట అంకెను నమ్ముమనుచున్నారు. ఏది ప్రమాణము?" ఈ యాక్షేపణ న్యాయముగ దోచును గాని, న్యాయస్థానమున నిద్దఱు సాక్షులుండగా ఒక్కనినే వినవలెనను నియమ మెచ్చట నున్నది? ప్రతిసాక్షిని అతడు కన్నదానిని గూర్చి యడుగవలెను. గ్రంథి యతిక్రమించుచున్నదా యన్న ప్రశ్నకు రోగి సాక్షి కాడు. తన గ్రంథిని అతడు చూడలేదు. బాధ యున్నదా, బ్రతుకు బరువైనదా యన్న ప్రశ్నకు రక్తము సాక్షి కాదు. బాధను అది యెఱుగదు. ఒక సాక్షిని, వాని కెఱుకలేని సంగతి యడిగి, వాని మౌనమును "లేదు" అనుటగ వ్రాసికొనుట మన తప్పు. ఈ తప్పు విజ్ఞానములోనిది గాదు, న్యాయబుద్ధిలోనిది.

మఱికొందఱు "రోగులు మితిమీఱి చెప్పుకొందురు, అంకెకు పక్షపాతము లేదు" అందురు. అంకెకు పక్షపాతము లేకపోవచ్చును. దానిని జదువువానికి గలదు. ఈ దేశములో ఎవరి బాధను మితిమీఱినదని త్రోసివేయుచున్నామో చూడుడు. ఇంటి యజమాని నడుము నొచ్చినచో ఇల్లంతయు గదలును. అదే నొప్పి కోడలు చెప్పినచో పని తప్పించుకొనుటకని యందురు. ముసలితల్లి చెప్పినచో వయస్సని యందురు. కూలివాడు చెప్పినచో సోమరితన మందురు. హద్దులోనున్న యంకె వీరి నోరు మూయుటకు దొరికిన క్రొత్త యాయుధ మగుచున్నది. పాతదినములలో గ్రహచారము పేర జేసిన పనిని నేడు రిపోర్టు పేర జేసినచో దానిని సంస్కార మందుమా?

ఈ విషయమున బీదవారి మాట మఱవరాదు. నెలనెల సూదిమందు మిక్కిలి ఖరీదైనది, కొలతలును ఖరీదైనవి. వెలకు వెఱచి కొలతయే మానినవానికి అంకె లేదు. అంకె లేనివానికి రోగము లేదనుట లోకరీతి. కావున కొలుచుటకు స్థోమత లేనివానిని గొలిపించుట సమాజధర్మము. అట్లే, అంకె హద్దునకు దగ్గఱగ వచ్చి నిలిచినప్పుడు మందును హెచ్చించుటయా, వేచి చూచుటయా యన్నది ఒక్క వైద్యుడే తేల్చు లెక్క కాదు. ఆ మందు ఎంత మేలు చేయును, ఎంత భారమగును అని రోగితో గూర్చుండి మాటాడి తేల్చవలసినది. ఆ సంభాషణమున కావశ్యకమైన నాలుగు నిమిషములను రోగికి దక్కనీయని వైద్యము కొలతలో బూర్ణమైనను ధర్మములో నపూర్ణమే.

కావున చదువరులకు మా విన్నపము లివి. మీ యింటనో మీ యెఱుకలోనో ఇట్టి రోగి యున్నచో కొలతలను ఒక్క పరీక్షశాలలోనే చేయింపుడు, పాతకాగితములను బాఱవేయకుడు, అంకెప్రక్క నున్న వయస్సుహద్దును జూడుడు. వాడుచున్న మాత్రలన్నిటిని, స్త్రీలు వాడు మాత్రలతోగూడ, సిగ్గుపడక వైద్యునికి జెప్పుడు. "ఈ యంకె యే ప్రశ్నకు సమాధానము?" అని వైద్యుని వినయముగ నడుగుడు, మంచి వైద్యు డీ ప్రశ్నకు కోపింపడు. అంకె హెచ్చుగనుండి మనిషి సుఖముగ నున్నచో చికిత్సను మానకుడు. అంకె సరిగనుండి మనిషి బాధపడుచున్నచో అతని నోరు మూయకుడు. కీళ్ళకు, నిద్రకు, మనస్సునకు వేఱుగ వైద్యము గలదు, దానిని వెదకుడు. మొగము మారినవారిని వీధిలో వెక్కిరించు పిల్లలను ఇంటివద్దనే మందలింపుడు.

భీమవరమునుండి బయలుదేఱిన యొక విద్యార్థి రక్తములోని భాస్వరమును నీలివర్ణములో జూపినప్పుడు మనుష్యుని దేహము మొదటిసారి యొక క్రొత్తభాషలో మనతో మాటాడినది. ఆ భాష నేర్చుకొనుట మన యదృష్టము. కాని క్రొత్తభాష నేర్చినవాడు తల్లిభాషను మఱవగూడదు. "నొచ్చుచున్నది" అనుట దేహము యొక్క తల్లిభాష. కోనసీమ గృహిణి చెప్పినది ఆ భాషలోనే. ఆమె మాటకు జవాబు చెప్పవలసిన బాధ్యత, కాగితము బాగున్నను, మనమీద నింకను మిగిలియే యున్నది.